స్వతంత్ర రూపకల్పనావృత్తి – పేరు, వెల, గిరాకి

నేడు నేను ప్రసంగింపదలచిన విషయము చిన్నదిగా కనబడవచ్చును గాని, మన యువజనుల అన్నవస్త్రములు దానితో ముడివడియున్నవి. ఎవ్వరి కొలువునను చేరక, తన రూపకల్పననే నమ్ముకొని బ్రతుకదలచినవాడు గిరాకిని ఎట్లు సంపాదింపవలెను? ఇదియే ప్రశ్న.

పూర్వము మన యిండ్లలో గీత వేరు, పని వేరు కాదు. నగను ఊహించినవాడే నగను చేసెను. ద్వారబంధముపై లతను గీసినవాడే ఉలి పట్టెను. కావున ఊహకు ప్రత్యేకముగా వెల కట్టుట మనకు అలవాటు కాలేదు. తరుగు ఇంత, మజూరి ఇంత అని లెక్క వేసితిమి గాని, నమూనాకు ఇంత అని అడిగినవారు అరుదు. నేడు కాలము మారినది. కంప్యూటరుపై నగల నమూనాలు గీయువారు, చెక్కడపు యంత్రమునకు గీతలు సిద్ధపరచువారు, అంగళ్లకు చిహ్నములును, పెండ్లిండ్లకు శుభలేఖలును రూపొందించువారు మన పిల్లలలో పెక్కుమంది గలరు. గీత పనినుండి విడిపోయినది. వెల మాత్రము పనితోనే యుండిపోయినది. గీసినవాని చేతికి దక్కునది చాల స్వల్పము. అందుచేతనే నైపుణ్యము గల యువకులు బెంగుళూరునకో, హైదరాబాదునకో పోయి పరుల కొలువున చేరుచున్నారు.

దీనికి ప్రతిక్రియ వెదకుటకు మనము దూరము పోనక్కరలేదు. గండికోటయే మనకు ఒక పాఠము చెప్పుచున్నది. 1652లో ఈ కోట పెమ్మసాని నాయకుల చేతినుండి గోలకొండ సేనాని మీర్ జుమ్లా వశమైనది. ఆ ఘట్టము మనకు హర్షదాయకము కాదు. అయినను కోట పడిన కొలదిదినములకే ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే మచిలీపట్టణమున ఓడ దిగి, చెన్నపట్టణము మీదుగా ఇచ్చటికి వచ్చెను. అతడు తన ముత్యములను, రత్నములను గోలకొండ సుల్తానునకు అమ్మదలచినవాడు. అట్లయిన తిన్నగా గోలకొండకే పోక, ఈ కొండలలోనికి ఏల వచ్చెను? విలువైన సరకేదియు మీర్ జుమ్లా చూడనిదే సుల్తాను కొనడని అతడు ముందుగా విచారించి తెలిసికొనియుండెను. మీర్ జుమ్లా మొదట వజ్రవర్తకుడు. సరకు మంచిచెడ్డలు ఎరిగినవాడు.

ఇందు మొదటి పాఠము గలదు. డబ్బు ఇచ్చువాడొకడు, నిర్ణయించువాడొకడు. నగలదుకాణమున నమూనాను ఎన్నుకొనునది యజమానియా, గుమాస్తాయా? కట్టడమున తలుపుల సంగతి తేల్చునది ఇంటివారా, మేస్త్రీయా, ఇంజనీరా? ఇది కనుగొనక పదిచోట్ల తిరుగుటకంటె, కనుగొని ఒక్కచోటికి పోవుట మేలు.

తవెర్నియే తన గ్రంథమున మరియొక సంగతి వ్రాసెను. గుడారమున కూర్చున్న మీర్ జుమ్లా కాలివ్రేళ్ల నడుమను, ఎడమచేతి వ్రేళ్ల నడుమను ఉత్తరములు ఇరికించుకొని, ఒక్కొక్కటి తీయుచు, ఇద్దరు లేఖకులచేత ప్రత్యుత్తరములు వ్రాయించుచు, కొన్నిటికి తానే వ్రాయుచుండెనట! యుద్ధము నడపువాడే ఏ పూట ఉత్తరమునకు ఆ పూట జవాబు చెప్పుచుండగా, మనలో కొందరు చేతిలోని ఫోనునకు వచ్చిన విచారణకు నాలుగుదినములు పలుకకుందురు. గిరాకి అంతవరకు వేచియుండదు. పని ఒప్పుకొనలేకున్నను ఆ మాటయే వెంటనే చెప్పవలెను. అట్టివానియొద్దకు గిరాకిదారుడు మరల వచ్చును.

ఇక పేరు సంగతి. తన పేరు తానే చెప్పుకొనుట అవినయమని మనవారు తలంతురు. మన పెద్దశిల్పులు అట్లు తలపలేదు. 8వ శతాబ్దమున పట్టదకల్లులో చాళుక్యరాణి లోకమహాదేవి కట్టించిన విరూపాక్షాలయముపై శిల్పి గుండ అనివారితాచారి పేరును, అతనికి లభించిన త్రిభువనాచారి బిరుదమును శాసనమున నేటికిని చదువవచ్చును. 1117లో ప్రతిష్ఠితమైన బేలూరు చెన్నకేశవాలయమున బళ్లిగావెకు చెందిన దాసోజుడును, అతని కుమారుడు చావణుడును తాము మలచిన మదనికల క్రింద తమ పేర్లు చెక్కుకొనిరి. పేరుతోపాటు ఊరును, బిరుదమును చెక్కుటలో అర్థమేమి? ఈ పని నచ్చినవారు మమ్ము వెదకికొని రావలసిన చోటు ఇది యనియే గదా! వారు మన పూర్వులని గొప్పలు చెప్పుకొనుటకు ఈ మాట ఎత్తలేదు. వారు చేసినది మనము మానితిమని జ్ఞప్తిచేయుటకే ఎత్తితిని.

పేరు నిలువవలెనన్న ఒక పనియందు ప్రసిద్ధి కావలెను. అన్ని పనులును చేయుదునని చెప్పువాడు ఏ పనికిని జ్ఞప్తికి రాడు. ప్రకటనల సంస్థలలో కొంతకాలము పనిచేసిన బాపు (1933–2014) వేలకొలది ముఖచిత్రములు గీసినను, ఆయన అక్షరమును చూచినంతనే ఇది బాపుదని తెలుగువాడు గుర్తించును. ఆ చేవ్రాత తుదకు కంప్యూటరు అచ్చక్షరమే యైనది. మన యువకుడును ఆలయద్వారముల నమూనాలకో, వడ్డాణముల నమూనాలకో, అంగడిపేర్ల అక్షరములకో మొదట పేరు సంపాదింపవలెను. తన పనులలో పది పండ్రెండిటిని ఎన్నుకొని నమూనాపుస్తకము కట్టవలెను. అందు బొమ్మ యొక్కటియే చాలదు. గిరాకిదారుడు ఏమి కోరెను, ఇబ్బంది ఏమి, దానినెట్లు తీర్చితిమి అని నాలుగు వాక్యములు వ్రాయవలెను. కొనువాడు బొమ్మను చూచి మెచ్చుకొనును. ఆ నాలుగు వాక్యములు చదివి పని అప్పగించును. తృప్తిపడిన ప్రతిగిరాకిదారుని మరియొక ఇద్దరికి పరిచయము చేయుమని సంకోచింపక అడుగవలెను. చేతినిండ పని యున్న నెలయందును ఈ ప్రయత్నము మానరాదు. పని ముగిసిన పిదప వెదకువాడు ఆకలితో వెదకును, ఆకలితో ఒప్పుకొన్న వెల ఎప్పుడును తక్కువయే.

వెల విషయమున మన సీమలోని నాపరాతినే చూడుడు. బండగా అమ్మునప్పుడు దానిని చదరపుటడుగు లెక్కన కొందురు. రూపకల్పనను గంటల లెక్కన అమ్ముకొనువాడు తన బుద్ధిని బండగా అమ్ముకొనుచున్నాడు. ఆ నమూనావలన గిరాకిదారునకు కలుగు ప్రయోజనమును బట్టి వెల చెప్పవలెను. ఒక్క నగకు గీసినదానికిని, నూరు నగలకు పోతపోయుటకు గీసినదానికిని వెల ఒక్కటి కారాదు. పనికి పూర్వమే ఒక కాగితముపై ఏమి ఇత్తుము, ఎన్ని మారులు దిద్దుదుము, ఎన్నడు ఇత్తుము, బయానా ఎంత, మిగిలినది ఎప్పుడు అని వ్రాసికొనవలెను. బయానా అడుగుట అవమానము కాదు. బంగారము చేతికి రానిదే కంసాలి నగ మొదలుపెట్టునా?

చట్టమును మనకు తోడుగా నున్నది. 1957 కాపీరైటు చట్టము ప్రకారము హక్కుల బదిలీ వ్రాతమూలకముగా జరుగవలెను. కాలపరిమితి వ్రాయనిచో అది 5 సంవత్సరములకే చెల్లును. వస్తువులపై యంత్రముతో అచ్చొత్తు నమూనాలను 2000 డిజైనుల చట్టము క్రింద నమోదు చేయించినచో 10 సంవత్సరములు, పొడిగించిన మరి 5 సంవత్సరములు రక్షణ గలదు. అయితే నమోదుకు పూర్వము నమూనాను లోకమునకు చూపరాదు; మన పిల్లలు ఫోనులలో ముందుగా ప్రకటించుకొని ఈ హక్కును జారవిడుచుకొనుచున్నారు. నమోదు చేయింపదగిన నమూనా నమోదు లేకయే 50 మారులకు మించి యంత్రముపై తయారైనచో కాపీరైటును పోవును. ఉద్యమ్ నమోదు గల చిన్న వృత్తిదారునకు ఒప్పందమున ఏమి వ్రాసినను 45 దినములలోపల డబ్బు చెల్లింపవలెనని 2006 నాటి సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టము శాసించుచున్నది. గడువు మీరిన బ్యాంకు రేటునకు మూడురెట్లు వడ్డీ. ఆ నమోదునకు రుసుము లేదు.

తుదకు దాతలకును, పెద్దలకును ఒక మనవి. ఇది కొంచెము కటువుగా తోచినను మన్నింపుడు. మన పిల్లల రూపకల్పనకు వెల లేకుండ చేయుచున్నది పరులు మాత్రమే కాదు, మనము. కల్యాణమండపమునకు ముఖద్వారము, సంఘమునకు చిహ్నము, సంచికకు ముఖపత్రము కావలసినప్పుడు "మనవాడే గదా" అని ఊరక చేయించుకొందుము. సిమెంటు అమ్మువాడు మనవాడైనను డబ్బు ఇత్తుము; గీత గీయువానికి మాత్రము శాలువ కప్పుదుము. శాలువతో ఇల్లు గడువదు. మొదటి గిరాకి ఉచితమైనచో దానిని చూచి వచ్చిన రెండవ గిరాకియు ఉచితమునే అడుగును. దానము చేయదలచినవారు దానమే చేయుడు. పని చేయించుకొన్నచో వెల చెల్లింపుడు. ఈ రెంటిని కలుపవలదు.

కావున ఈ మహాసభ మూడు నియమములు కావించుకొనవలెనని ప్రార్థించుచున్నాను. సంఘము చేయించు ప్రతి రూపకల్పనకు ముందుగా వ్రాసికొన్న వెల చెల్లింపవలెను. ఆ పనిపై గీసినవాని పేరును ఊరును, ఆడబిడ్డ గీసినచో ఆమె పేరును, కనబడునట్లు అచ్చువేయవలెను. వర్తకులగు మన దాతలు ఒక్కొక్కరు సంవత్సరమునకు ఒక్క యువకునైనను, ఒక్క యువతినైనను తమ యెరుకలోని కొనుగోలుదారునకు పరిచయము చేయవలెను. ఈ మూడింటికిని నిధి సేకరణ అక్కరలేదు, మనసు చాలును.