తప్పు చెప్పుకోనిచ్చే చోటు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



మెదడు గురించి శాస్త్రజ్ఞులు తెలుసుకున్న సంగతులు ఆఫీసులో మాట తీరుకు, తగవులకు ఎలా ఉపయోగపడతాయో పదిహేను నిమిషాలు చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. నేను డాక్టరును కాను. 1975లో గుమాస్తాగా చేరి, 2009లో సూపరింటెండెంటుగా దిగిపోయినవాడిని. రిటైరయ్యాక తీరిక దొరికి ఈ విషయం మీద కొంత చదివాను. చదువుతున్నకొద్దీ నా సర్వీసులో జరిగిన ఒక సంగతి మనసులో మెదులుతూ వచ్చింది. ముందు అది మనవి చేస్తాను.

1996 మార్చి నెలాఖరు. మార్చి 31 అంటే ఏమిటో ఈ హాలులో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ రోజు దాటితే గ్రాంటు మురిగిపోతుంది. మా సెక్షన్ నుంచి వెళ్ళిన ఒక బిల్లు, వోచరు జతపరచలేదనే అభ్యంతరంతో ట్రెజరీ నుంచి తిరిగి వచ్చింది. నేను ఆ బిల్లు తెచ్చి సంబంధిత గుమాస్తా బల్ల మీద విసిరి, సెక్షన్ అంతా వింటుండగా నోటికి వచ్చినట్లు కేకలు వేశాను. "ఆ వోచరు ఎక్కడ పెట్టావు?" అని నాలుగుసార్లు అడిగాను. అతను తల వంచుకొని నిలబడ్డాడు గాని జవాబు చెప్పలేదు. పొగరు అనుకున్నాను. నేను టీ తాగి వచ్చేసరికి ఆ వోచరు నా బల్ల మీద ఉంది. అది అతని సొరుగులోనే ఉన్నదట. సాయంత్రానికి బిల్లు పాసయింది. గట్టిగా మాట్లాడితేనే పని జరుగుతుందని ఆనాడు నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను.

దాని ఖరీదు రెండు సంవత్సరాల తరువాత తెలిసింది. మా ఆఫీసు అటెండరు ఒకాయన 1998లో పదవీ విరమణ చేశారు. ఆయన సర్వీసు రిజిస్టరులో, వేరే ఆఫీసులో పనిచేసిన ఒక సంవత్సరానికి వెరిఫికేషన్ సర్టిఫికెట్ లేదు. ఆ కారణంగా పెన్షన్ ప్రతిపాదనలు తిరిగి వచ్చాయి. గ్రాట్యుటీ ఎనిమిది నెలలు ఆగిపోయింది. ఆ డబ్బు మీద నమ్మకంతో కూతురి పెళ్ళికి ముహూర్తం పెట్టుకున్న మనిషి, వడ్డీకి అప్పు తెచ్చి పెళ్ళి చేశారు.

ఆ సీటు చూస్తున్నది ఆ గుమాస్తాయే. ఆ లోటును ఆయన రిటైర్మెంటుకు ఆరు నెలల ముందే గమనించాడట. ఎందుకు చెప్పలేదని అడిగితే అతను అన్న మాట ఈనాటికీ నా చెవిలో ఉంది. "రిజిస్టరు పట్టుకొని రెండుసార్లు మీ సీటు దాకా వచ్చానండి. మీ ముఖం చూసి వెనక్కి వెళ్ళిపోయాను."

ఇక శాస్త్రం ఏమంటున్నదో చూద్దాం.

మన మెదడులో రెండు వైపులా బాదం గింజంత భాగం ఒక్కొక్కటి ఉంటుంది. దాని పేరు అమిగ్డలా. ప్రమాదాన్ని పసిగట్టే పనిలో దానికి ముఖ్యమైన పాత్ర ఉంది. పాము కనబడినా, పై అధికారి కేక వినబడినా అది మేల్కొంటుంది. వెంటనే శరీరంలో అడ్రినలిన్ వంటి రసాయనాలు పెరిగి గుండె వేగంగా కొట్టుకుంటుంది, నోరు ఎండుతుంది. పోరాటానికో పరుగుకో శరీరం ఇలా సిద్ధమవుతుందని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ కానన్ అనే శాస్త్రజ్ఞుడు 1915లోనే ఒక గ్రంథంలో వివరించాడు.

నుదుటి వెనుక ఉండే భాగం ప్రీఫ్రంటల్ కార్టెక్స్. ఆలోచించడం, విషయాన్ని మనసులో నిలుపుకోవడం, మాటను అదుపులో పెట్టుకోవడం ఎక్కువగా దాని పని. 1848లో అమెరికాలో రైలుమార్గం వేస్తున్న ఫినియాస్ గేజ్ అనే ఫోర్‌మన్ తలలో నుంచి, పేలుడు ధాటికి ఒక ఇనుప కడ్డీ దూసుకుపోయింది. మనిషి బ్రతికాడు. కాని అంతవరకు ఎంతో సమర్థుడని పేరున్నవాడు ముక్కోపిగా, నిలకడ లేనివాడుగా మారాడనీ, యజమానులు పాత ఉద్యోగం తిరిగి ఇవ్వలేదనీ వైద్యుడు హార్లో వ్రాసి పెట్టాడు. మెదడు ముందు భాగం విలువ లోకానికి తెలియడానికి ఆ ప్రమాదం తోడ్పడింది.

మనకు కావలసిన సంగతి ఇక్కడ ఉంది. యేల్ విశ్వవిద్యాలయంలో ఏమీ ఆర్న్‌స్టెన్ అనే శాస్త్రజ్ఞురాలు ఎన్నో ఏళ్ళు పరిశోధించి, 2009లో ఒక సమీక్షా వ్యాసం ప్రచురించారు. తన చేతిలో లేని ఒత్తిడి మీద పడినప్పుడు, ఆ రసాయనాల ధాటికి ఈ ముందు భాగం పనితనం త్వరగా తగ్గిపోతుందని దాని సారాంశం. అంటే 1996లో నా ముందు నిలబడ్డ మనిషికి వోచరు ఎక్కడ ఉన్నదో తెలియక కాదు. నా కేకతో ఆ జ్ఞాపకం అతనికి అందకుండా పోయిందని ఇప్పుడు అనుకుంటున్నాను. నేను బయటికి వెళ్ళాక గుర్తుకు వచ్చింది. పైగా నా ముఖం అతనికి ప్రమాదానికి గుర్తుగా మిగిలిపోయింది. మెదడు అలాంటి పాఠాన్ని ఒక్కసారికే నేర్చుకోగలదు, మరచిపోవడానికి మాత్రం చాలా కాలం పడుతుంది.

కనుక నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కోపం తప్పును తగ్గించదు, దాచిపెట్టిస్తుంది. దాగిన తప్పు వడ్డీతో సహా బయటపడుతుంది. ఆ వడ్డీ కూడా తప్పు చేసినవాడు కాక, మా అటెండరు వంటివాడు కట్టవలసి వస్తుంది.

మరి ఏం చేయాలి? నాకు తోచినవి మూడు చెబుతాను.

మొదటిది, మందలింపు నలుగురిలో వద్దు. 2003లో అమెరికాలో నవోమీ ఐసెన్‌బర్గర్ బృందం జరిపిన ప్రయోగంలో, ఒక బంతి ఆట నుంచి తమను వెలివేసినట్లు అనిపించినవారి మెదడులో, శరీరానికి నొప్పి కలిగినప్పుడు పనిచేసే ఒక ప్రాంతం చురుకయింది. అవమానం ఊరికే మాట వరుసకు నొప్పి కాదన్నమాట.

రెండవది, మనకు కోపం వచ్చినప్పుడు దానికి పేరు పెట్టాలి. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం ప్రచురించిన పరిశోధనలో, బొమ్మలలోని ముఖాల భావాన్ని "కోపం", "భయం" అని మాటలతో గుర్తించినవారిలో అమిగ్డలా ఉద్రేకం తగ్గింది. "నాకు చిరాకుగా ఉంది, పది నిమిషాలాగి మాట్లాడదాం" అనడానికి ఖర్చేమీ లేదు.

మూడవది, "ఎందుకు చేశావు?" అనేదానికి ముందు "ఏం జరిగింది?" అని అడగాలి. తప్పు తానై వచ్చి చెప్పినవాడికి ముందు థాంక్స్ చెప్పాలి. సంజాయిషీ తరువాత తీసుకోవచ్చు.

ఒక హెచ్చరిక కూడా. మెదడు పేరు చెప్పి బజారులో చాలా సరుకు అమ్ముడవుతున్నది. ఫలానావాడు ఎడమ మెదడు మనిషి, ఫలానావాడు కుడి మెదడు మనిషి అని శిక్షణ తరగతులలో మనమూ విన్నాం. మనుషులను అలా విడదీయడానికి శాస్త్రంలో ఆధారం లేదు. అలాగే "నా అమిగ్డలా అలా అనిపించింది" అని తప్పించుకోవడానికీ వీలులేదు. మాట జారినవాడే దానికి పూచీ.

మనం రిటైరయ్యాం కదా, ఇదంతా ఇప్పుడెందుకు అనవచ్చు. ఆఫీసు పోయింది గాని సీటు మారిందంతే. ఈ రోజుల్లో ఫోనులో పోలీసులమని బెదిరించి, "డిజిటల్ అరెస్టు" అని చెప్పి, పెన్షనర్ల డబ్బు కాజేస్తున్నారు. వాళ్ళు చేసేది కూడా ఇదే, భయపెట్టి మన ఆలోచనను ఆపడం. డబ్బు పోయినవెంటనే 1930 నంబరుకు ఫోను చేస్తే కొంతైనా ఆపగలిగే అవకాశం ఉంటుంది. కాని పిల్లలు తిడతారని పెద్దవాళ్ళు చెప్పరు. ఆ గంటలు అలా పోతాయి. ఇక్కడికి వచ్చిన పిల్లలకు నా విన్నపం: మీ నాన్న గారో అమ్మ గారో అలాంటి మాట చెప్పినప్పుడు, మొదటి మాట "మంచిపని చేశారు, వెంటనే చెప్పారు" అని ఉండాలి. మనవడు మార్కుల కాగితం తెచ్చినప్పుడు మనమూ ఆ మాటే అనాలి.

చివరిగా, ఆ గుమాస్తా మిత్రుడు ఇప్పుడు మన సంఘ సభ్యుడే. ఆయన అనుమతి తీసుకొనే ఇదంతా చెప్పాను. క్షమించమని ఆయనను పోయిన సంవత్సరం అడిగాను. అడగడానికి నాకు అన్నేళ్ళు పట్టింది. "అప్పుడే మరచిపోయానండి" అన్నారు. మరచిపోలేదని ఇద్దరికీ తెలుసు. అటెండరు గారు మాత్రం ఇప్పుడు లేరు. ఆయనను అడిగే అవకాశం నాకు లేదు. మీలో ఎవరికైనా ఇంకా అవకాశం ఉంటే, ఈ సభ ముగిసేలోగా వాడుకోండి.