బీజము – క్షేత్రము
(మన సంఘ వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



నేను వైద్యుఁడను గాను. బాలురకు శబ్దమంజరి చెప్పి కాలము గడపినవాఁడను. ఐనను రొమ్ముక్యాన్సరు విషయమున మన యిండ్లలో రెండు దోషములు గన్పట్టుచున్నవి. సిగ్గుచే రోగమును దాఁచుట మొదటిది. చికిత్స ముగియఁగానే రోగ మిఁక రాదని యేమఱుట రెండవది. ఆ రెండవదానినిఁ గూర్చి విన్నవించెదను.

1889వ సంవత్సరమున లండనునందు స్టీఫెన్ పేజెట్టను శస్త్రవైద్యుఁడు, రొమ్ముక్యాన్సరుచే మృతినొందిన 735 మంది వృత్తాంతములఁ బరిశీలించి, రోగబీజము లంతటఁ జల్లఁబడినను, అనుకూలమైన క్షేత్రముననే మొలకెత్తునని చెప్పెను. బీజక్షేత్రవిచారము మనకుఁ గ్రొత్తది కాదు గదా! గడ్డను గోసి తీసివేసినను, అంతకుముందే యెముకల మజ్జ మొదలగు స్థానములఁ జేరిన కొన్ని కణము లేండ్లతరబడి నిద్రించియుండవచ్చును. వానిని లేవనీయక కాచువానిలో రక్తమందలి లింఫోసైటులను రక్షకకణములు ముఖ్యములు. ట్రిపుల్ నెగటివను రకమున, గడ్డలోఁ జొచ్చిన లింఫోసైటు లధికముగా నున్నవారికి రోగము మరల వచ్చుట తక్కువ యని పరీక్షలవలనఁ దేలినది.

క్యాన్సరు మాయావి, ఆ భటులకే కళ్లెము వేయును. ఆ కళ్లెమును విప్పు మార్గమును జూపిన ఆలిసన్, హోంజోలకు 2018లో నోబెల్ బహుమానము లభించెను. అట్టి యౌషధమగు పెంబ్రోలిజుమాబును ట్రిపుల్ నెగటివు రోగులు 1,174 మందియందుఁ బరీక్షింపఁగా, మూఁడేండ్లకు రోగము ముదురుట, మరల వచ్చుట, మరణము మొదలగు నాపదలు లేనివారు కీమోథెరపీతోఁ బాటు దీనినిఁ గొన్నవారిలో నూటికి 84.5, కీమోథెరపీ మాత్రమే పొందినవారిలో 76.8గా నుండిరి. అయినఁ గళ్లెము విడిన భటులు స్వదేహమునే బాధింపవచ్చును గాన వైద్యుని పర్యవేక్షణ మావశ్యకము.

ఇఁక "నిరోధకశక్తి" పేర నంగళ్ల నమ్ము లేహ్యములు రోగము మరల రాకుండఁ జేయునని రుజువు లేదు. హార్మోను రకపు రోగ మిరువదియేండ్లకైనను దిరిగి రావచ్చును. దానికై 5 లేక 10 ఏండ్లు వాడుమని వైద్యులిచ్చిన మాత్రలను, లేహ్యమును నమ్మి విడుచుట ప్రాణములతోఁ జెలగాటము. నిత్యము నడచుట, స్థూలత్వము రానీయకుండుట మేలే. కాని యవి మందునకు బదులు గావు.

సంఘమువారికి నా మనవి యొక్కటి. మన నిధినుండి పేద సోదరీమణులకుఁ బరీక్షలకై పోవు దారిఖర్చుల నిప్పింపుఁడు. భర్తలును గుమారులును వారి వెంట నాస్పత్రికిఁ బోవుదురు గాక. పంట యింటికిఁ జేరినను, కలుపుమొక్కల గింజలు భూమిలో నిలిచియే యుండును. చేనిని గనిపెట్టియుండుట కృషీవలుని ధర్మము.

సర్వే జనులు సుఖింతురు గాక!