రోబోలు డ్రమ్మర్లను పిలిచిన ఆల్బమ్

ఫ్రాన్స్‌కు చెందిన డాఫ్ట్ పంక్ జంట 2013 మే నెలలో ‘రాండమ్ యాక్సెస్ మెమరీస్’ ఆల్బమ్ తెచ్చినప్పుడు అభిమానులు రెండు వర్గాలయ్యారు. తలకు రోబో హెల్మెట్లు పెట్టుకుని, పాత రికార్డుల ముక్కలను యంత్రాలతో అతికించి డాన్స్ పాటలు చేసినవాళ్లు, ఈసారి స్టూడియోకి డ్రమ్మర్లను, గిటారిస్టులను పిలిపించారు. డెబ్బైల నాటి డిస్కో పద్ధతిలో టేపు మీద రికార్డు చేశారు. పాత రికార్డు ముక్క వాడింది చివరి పాటలో మాత్రమే.

ఆల్బమ్‌లోని ‘గెట్ లక్కీ’ పాట మీద పెద్దగా పేచీ లేదు. అందులో నైల్ రోడ్జర్స్ గిటార్ వింటే కాలు నిలవదు. తగువంతా ‘జార్జియో బై మొరోడర్’ దగ్గరే. డిస్కో దిగ్గజం జార్జియో మొరోడర్ అందులో తన కథ తానే చెబుతాడు. పాట తొమ్మిది నిమిషాలు! ఆ మాటలను వేర్వేరు దశాబ్దాల మైకులతో రికార్డు చేశారు. ఆ తేడా మామూలు చెవికి అందుతుందా? నాకైతే అందలేదు.

కొందరికి ఇదంతా పాత సరుకుకు పెట్టిన ఖరీదైన మెరుగు. మరికొందరికి, కంప్యూటర్ లయతో విసిగిన చెవులకు మళ్లీ దొరికిన మనిషి చేతి తాళం. 2014లో గ్రామీ వారి ‘ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్’ వచ్చినా వాదన తెగలేదు. నా ఓటు ఆ డ్రమ్ములకే. నెమ్మది పాటలు మాత్రం కాస్త సాగదీశారు.