ఆడపడుచు వాటా



స్త్రీకి ఆస్తి దక్కినచో సంసారము చెడునను భయము ఏ ఒక్క దేశమునకో పరిమితమైనది కాదు. ఇంగ్లండులో 1882 నాటి చట్టము వచ్చువరకు వివాహిత తన సొత్తుపై పూర్తి అధికారము పొందజాలకుండెను. భారతదేశమున ధర్మశాస్త్రములు స్త్రీధనమును ఏనాడో గుర్తించినవి. అయినను మితాక్షర పద్ధతిలో ఉమ్మడి ఆస్తి కుమారుల జన్మహక్కుగానే నిలిచినది.

1937 నాటి చట్టము వితంతువునకు జీవితాంతము అనుభవించు హక్కును మాత్రమే ఒసగెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ఆ పరిమితిని తొలగించి స్త్రీని సంపూర్ణ యజమానురాలిని చేసెను. వీలునామా వ్రాయక మరణించిన తండ్రి స్వార్జితమున కుమార్తెకు సమాన భాగమును కల్పించెను. ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కు మాత్రము ఆమెకు లభింపలేదు.

ఆ కొరతను ముందుగా తీర్చిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1986 నాటి సవరణ చట్టము 1985 సెప్టెంబరు 5 నుండి కుమార్తెలకు ఆ హక్కు నిచ్చినది. కాని అంతకుముందే వివాహమైన వారిని విడిచినది. 2005 నాటి కేంద్ర సవరణ ఆ భేదమును తుడిచివేసెను. ఆ సవరణ నాటికి తండ్రి జీవించియుండ నక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

హక్కు వచ్చినది గాని అది అందరి చేతికి అందలేదు. వాటా అడిగిన ఆడపడుచుతో “కట్నమిచ్చితిమి గదా” యని పలువురందురు. కట్నము 1961 నుండి చట్టవిరుద్ధము. పైగా అది అత్తవారి చేతికి పోవును. వాటా ఆమె పేర నిలుచును. పుట్టిల్లు దూరమగునేమోయను భయముతో ఎందరో స్త్రీలు విడుదల దస్తావేజుపై సంతకము చేయుచున్నారు. పుట్టింటి మమత వెలలేనిది. దానికి వెలగా తోబుట్టువు భూమిని కోరుట న్యాయమా?

ఊడ్పు, కలుపు, కోత స్త్రీల చేతులమీదుగా సాగుచున్నవి. పట్టాదారు పాసుపుస్తకమున పేరు లేనిచో పంటరుణమునకు ఆమె మరియొకరిపై ఆధారపడవలసినదే. భర్త మరణించినను, విడిచినను, తన పేరనున్న ఎకరమో అర ఎకరమో ఆమెకు నిలువనీడ యగును.

కనుక సంతకమునకు ముందు దస్తావేజును చదువుకొనుట, చదువురానిచో చదివించుకొని వినుట ప్రతి స్త్రీకి అవసరము. ఈ చట్టముల తెలుగు ప్రతులను గ్రంథాలయమున నుంచి, వారమునకొక సాయంకాలము స్త్రీలకు చదివి వినిపించినచో, ఈ 25 ఏండ్ల అక్షరసేవ పొలముగట్టు వరకు చేరును.