మైలేజీ పెంచే డబ్బా విప్పి చూశాం: లోపల ఏముంది?

నా చేతిలో ఉన్న ఈ పచ్చ డబ్బా చూస్తున్నారు కదా, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, అంతే. 499 రూపాయలు. విప్పి చూద్దామనే ఆన్‌లైన్‌లో తెప్పించాను. మీ రీల్స్‌లో కూడా దీని యాడ్ వచ్చే ఉంటుంది. కారులో పెట్టండి, పెట్రోలు ఖర్చు 15 నుంచి 35 శాతం తగ్గిపోతుంది అని.

ఈమధ్య ఇలాంటి వాటి గురించి నాకు మెసేజ్‌లు బాగా పెరిగాయి. కారణం తెలిసిందే, బంకుల్లో ఈ20 పెట్రోలు వచ్చాక మైలేజీ తగ్గిందని చాలామంది ఫీలవుతున్నారు. అందులో నిజం ఉంది. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. 10 శాతం ఇథనాల్ నుంచి 20 శాతానికి మారితే, లీటరులో ఉన్న శక్తే 3 శాతం పైన తగ్గుతుంది. లీటరేమో 100 దాటింది. సరిగ్గా ఈ బాధ మీదే ఈ డబ్బాలు అమ్ముతున్నారు.

ముందు దీని సంగతి చూద్దాం. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది, ఓబీడీ పోర్టు. సర్వీసింగ్‌కి ఇస్తే స్కానర్ పెట్టేది అక్కడే. ఈ డబ్బాను అందులో పెడితే మీ డ్రైవింగ్‌ని 200 కిలోమీటర్లు గమనించి, ఇంజిన్ కంప్యూటర్‌ని, అదే ఈసీయూని, మీకు తగ్గట్టు మార్చేస్తుందట. పెట్టగానే లైట్లు మాత్రం టకటకా వెలుగుతాయి. చూడ్డానికి బాగుంటుంది.

స్క్రూడ్రైవర్‌తో తీశాను. చూడండి, దగ్గరగా చూపిస్తాను. ఒక చిన్న చిప్, మూడు ఎల్ఈడీ లైట్లు, ఒక బటన్. కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే లైన్‌ని క్యాన్ బస్ అంటారు. ఆ లైన్‌లో మాట్లాడాలంటే ట్రాన్స్‌సీవర్ అనే ఇంకో భాగం కావాలి. అది ఇందులో లేనే లేదు. నోరు లేనివాడు ఫోన్‌లో మాట్లాడతానన్నట్టు ఉంది. నేను ఒక్క పీసు చూసి చెప్పడం కాదు, ఫ్రాన్స్‌లోని క్వార్క్స్‌ల్యాబ్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్లు 2018లో ఇలాంటిదే ఒకటి విప్పి, కారుకు పెట్టకముందు, పెట్టాక ఆ లైన్‌లో వెళ్లే మెసేజ్‌లు రెండూ పోల్చి చూశారు. దీని నుంచి ఒక్క కొత్త మెసేజ్ కూడా వెళ్లలేదు. లైట్లు వెలగడమే దాని పని.

సరే, ఇది చవక మోసం. కానీ ఇలాంటివన్నీ ఒకే కథ మీద నడుస్తాయి, అది పట్టుకుంటే మిగతావన్నీ మీరే పట్టేస్తారు. ఆ కథ ఏంటంటే, "మీ ఇంజిన్‌లో పెట్రోలు సగం కాలకుండానే సైలెన్సర్‌లోంచి పోతోంది, మా పరికరం పూర్తిగా కాలుస్తుంది." అయస్కాంతం అమ్మేవాడూ ఇదే అంటాడు, గాలిని సుడి తిప్పే ఫ్యాన్ అమ్మేవాడూ ఇదే, ట్యాంకులో వేసే గోలీ అమ్మేవాడూ ఇదే.

పాతకాలపు కార్బురేటర్ బండి, ట్యూనింగ్ పోయినది అయితే కొంత వృథా నిజమే. ఇప్పటి కారు అలా కాదు. సైలెన్సర్ పైపులో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. అది పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి ఈసీయూకి చెబుతూనే ఉంటుంది, పెట్రోలు ఒక పాలుకి గాలి 14.7 పాళ్లు ఉండేలా ఈసీయూ సర్దుతూనే ఉంటుంది. అది మామూలు పెట్రోలు లెక్క, ఇథనాల్ కలిస్తే కొంచెం మారుతుంది. మంచి కండిషన్‌లో ఉన్న ఇంజిన్‌లో పెట్రోలు 98 శాతం పైగా అక్కడే కాలిపోతుంది. అంటే నూటికి నూరు కాల్చే పరికరం ఎవరైనా నిజంగానే తెచ్చినా, దానికి దొరికేది ఆ మిగిలిన 1, 2 శాతమే. 35 ఎక్కడి నుంచి తెస్తాడు?

మరి డబ్బులు పోయేది ఎక్కడ? వేడిలో. కాలిన పెట్రోలు శక్తిలో సగానికి పైగా రేడియేటర్ నుంచి, సైలెన్సర్ నుంచి వేడిగా బయటికి పోతుంది. అది ఇంజిన్ డిజైన్‌తో వచ్చిన నష్టం. పైపుకి అయస్కాంతం చుట్టినంత మాత్రాన ఆగదు. అన్నట్టు, అమెరికాలో పర్యావరణ సంస్థ ఈపీఏ 1970ల నుంచి ఇలాంటివి వందకు పైగా పరీక్షించింది. మైలేజీని చెప్పుకోదగ్గంతగా పెంచింది ఒక్కటీ దొరకలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం కూడా ఇదే. క్యాబ్ నడిపే ఒక తమ్ముడు రాశాడు. "అన్నా, రోజుకి 150 కిలోమీటర్లు తిప్పుతాను, 10 లీటర్లు పడుతుంది. హెచ్‌హెచ్‌ఓ కిట్ 12,000 అంటున్నారు, 25 శాతం ఆదా అంట. అప్పు చేసి పెట్టించనా?" అతని లెక్కలో తప్పు లేదు. రోజుకి రెండున్నర లీటర్లు అంటే 250 రూపాయలు. 48 రోజుల్లో కిట్ డబ్బు వచ్చేస్తుంది. కిట్ పనిచేస్తే.

హెచ్‌హెచ్‌ఓ అంటే బోనెట్ కింద నీళ్ల డబ్బా పెట్టి, బ్యాటరీ కరెంటుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టి ఇంజిన్‌లోకి పంపడం. బుడగలు కనిపిస్తాయి, గ్యాస్ నిజంగానే వస్తుంది. అందుకే నమ్ముతారు. తమ్ముడూ, మనం కూడా ఒక లెక్క వేద్దాం. కిట్ 15 ఆంప్స్ లాగిందనుకో, సుమారు 200 వాట్లు. అందులో హైడ్రోజన్‌గా మారేది మహా అయితే 120 వాట్ల శక్తి. ఆ 200 వాట్లు ఆల్టర్నేటర్ నుంచి రావాలి, ఆల్టర్నేటర్‌ని తిప్పేది ఇంజినే, ఇంజిన్‌ని తిప్పేది నీ పెట్రోలే. దారిలో పోయే నష్టాలన్నీ కలిపితే దానికోసం కాలే పెట్రోలు 1,000 వాట్ల విలువ. వెయ్యి నోటు ఇచ్చి 120 రూపాయలు తెచ్చుకున్నట్టు. గంటకి 60 కిలోమీటర్ల స్పీడులో నీ కారు కాల్చేది దాదాపు 36,000 వాట్ల పెట్రోలు. అందులో ఈ 120 ఎంత?

ఇంకో ప్రమాదం ఉంది. కొన్ని కిట్లతో ఒక చిన్న పెట్టె ఇస్తారు, ఆక్సిజన్ సెన్సర్‌కి తప్పుడు సిగ్నల్ ఇవ్వడానికి. దాంతో ఈసీయూ పెట్రోలు తగ్గిస్తుంది. మైలేజీ కొంచెం పెరిగినట్టే కనిపించవచ్చు కూడా. కానీ పికప్ పడిపోతుంది, మిస్‌ఫైర్ మొదలైతే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది, అది మార్చాలంటే కిట్ రేటు చిన్నదిగా కనిపిస్తుంది. వైరింగ్ కోశారని వారంటీ క్లెయిమ్ ఆపేసే అవకాశం వేరే. కాబట్టి అప్పు చేయకు తమ్ముడూ.

"కానీ అన్నా, మా బాబాయి పెట్టించాడు, నిజంగా పెరిగింది" అని కొందరు అంటారు. బాబాయి అబద్ధం చెప్పట్లేదు. కొత్త పరికరం పెట్టిన మనిషి మైలేజీ చూసుకుంటూ నడుపుతాడు. తెలియకుండానే యాక్సిలరేటర్ మీద కాలు తేలికవుతుంది. పైగా బంకులో ఆటో కటాఫ్ ఒకసారి ముందు పడుతుంది, ఒకసారి లేటుగా పడుతుంది, 1, 2 లీటర్లు తేడా వస్తే ఒక ట్యాంకు లెక్కలో అదే పెద్ద "ఆదా" అవుతుంది. 200 కిలోమీటర్లు ఆగమనడం ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

ఇప్పటికే కొనేసిన వాళ్లు ఉంటే ఇలా చూడండి. అదే బంకు, అదే నాజిల్, మొదటి కటాఫ్‌కే ఆపడం. రెండు ట్యాంకులు పరికరంతో, రెండు లేకుండా, మళ్లీ రెండు పరికరంతో. పరికరం ఉందో లేదో నడిపేవాడికి తెలియకూడదు, ఇంట్లో వాళ్లని పెట్టమనండి, తీయమనండి. లైట్లు కనిపిస్తాయి కాబట్టి పైన నల్ల టేపు వేయండి. డ్యాష్‌బోర్డు చూపించే మైలేజీ వద్దు, నోటుబుక్కులో కిలోమీటర్లు, లీటర్లు రాయండి. ఆ ఫొటో నాకు పంపండి, నెంబర్లు ఎలా వచ్చినా చదివి చెబుతాను.

ఇక ఖర్చు లేని పని ఒకటి. డ్రైవర్ డోర్ తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, టైర్లలో గాలి ఎంత ఉండాలో అక్కడ రాసి ఉంటుంది. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి, బాగా తగ్గి ఉంటే 3 శాతం దాకా తేడా వస్తుంది. హైవే మీద 100లో వెళ్లేవాళ్లు 80కి దిగితే ఇంతకంటే చాలా ఎక్కువ మిగులుతుంది, కానీ ఆ మాట చెబితే ఎవరూ వినరు. ఎయిర్ ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరుగుతుందని షెడ్డులో చెప్పే మాట కూడా ఇప్పటి పెట్రోలు కార్లకు పెద్దగా వర్తించదు. మురికి ఫిల్టర్‌తో పికప్ తగ్గుతుంది, మైలేజీ దాదాపు అలాగే ఉంటుంది. ఇంజిన్ కోసం మార్చండి, పెట్రోలు కోసం కాదు.

వచ్చే ఎపిసోడ్‌లో ఈ20 గురించి, పాత బండ్లలో రబ్బరు పైపుల సంగతి చూద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.