మందుల దుకాణం అద్దంలో బొమ్మలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మంచినీటి పథకాల గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. ముప్పయ్యేళ్లుగా పైపులూ పంపులూ తప్ప నాకు వేరే లోకం లేదు కాబట్టి అది న్యాయమైన కోరికే. కానీ ఇవాళ ఒక చిత్రకారిణి గురించి చెప్పాలని ఉంది. ఎందుకన్నది చివర్లో మీకే తెలుస్తుంది.

ఆవిడ పేరు ఆనా మేరీ రాబర్ట్‌సన్ మోజెస్. లోకం ఆవిడను ‘గ్రాండ్‌మా మోజెస్’ అని పిలిచింది. మన మాటలో మోజెస్ మామ్మ. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో 1860లో ఒక రైతు ఇంట పుట్టారు. పదిమంది సంతానంలో ఒకరు. తండ్రి పిల్లలకు తెల్ల కాగితాలు తెచ్చిచ్చి బొమ్మలు వేసుకోమనేవారట. ఈ పిల్ల తన బొమ్మలకు ద్రాక్షరసంతో రంగు పూసేది. చదివింది ఒకే గది ఉన్న పల్లెటూరి బడిలో, అదీ అంతంతమాత్రం. 12 ఏళ్లకే వేరే వాళ్ల ఇంట్లో పనికి కుదిరింది. వంట, బట్టలుతకడం, ముసలివాళ్లకు సేవ. అలా 15 ఏళ్లు గడిచాయి.

1887లో తనలాగే పొలం పనులు చేసుకునే థామస్ మోజెస్‌ను పెళ్లాడి, ఆయనతో వర్జీనియా వెళ్లారు. అక్కడ వ్యవసాయం చేస్తూ, వెన్న చిలికి అమ్ముతూ సంసారం ఈదారు. పదిమంది పిల్లలను కంటే ఐదుగురే దక్కారు. 1905లో తిరిగి న్యూయార్క్ రాష్ట్రానికి వచ్చి ఈగిల్ బ్రిడ్జ్ అనే ఊళ్లో స్థిరపడ్డారు.

ఇందులో బొమ్మలెక్కడ అంటారా? 1918లో ఒకరోజు ముందుగదికి గోడకాగితం అతికిస్తుంటే కాగితం సరిపోలేదు. పొయ్యిగూటికి అడ్డం పెట్టే పలక మిగిలిపోయింది. మనమైతే బజారుకు ఎవరినైనా పంపుతాం. ఆవిడ ఆ పలక మీద చెట్లూ నీళ్లూ ఉన్న దృశ్యం ఒకటి వేసేశారు. మళ్లీ ఇంటి పనిలో పడిపోయారు.

1927లో భర్త పోయారు. ఆ తరవాత ఊలు దారంతో గుడ్డ మీద దృశ్యాలు కుట్టడం మొదలుపెట్టారు. కీళ్లవాతం వచ్చి సూది పట్టుకోవడం కష్టమైంది. కుట్టడం కంటే కుంచె పట్టుకోవడం తేలిక కదా అని చెల్లెలు సలహా ఇచ్చింది. అలా 70 దాటిన వయసులో కుంచె ఆవిడకు నిత్యకృత్యమైంది. పలకకు ముందు తెల్లరంగు పూతలు వేసుకుని, పైనుంచి కిందికి దిగేవారు. ముందు ఆకాశం, తరవాత కొండలు, చెట్లు, ఇళ్లు, పశువులు, ఆఖరున మనుషులు. ఎక్కడా నేర్చుకున్న పద్ధతి కాదు. చెరుకు మనకెలాగో మేపుల్ చెట్టు వాళ్లకలాగ. మంచు రోజుల్లో ఆ చెట్టు నుంచి తీపి రసం పట్టి కాచడం, కొవ్వొత్తులు పోయడం, బట్టలుతకడం, పొరుగువాళ్లు గుంపుగా కూడడం - తాను బతికిన బతుకే ఆవిడ బొమ్మ.

ఊరి సంతలో జామ్ సీసాలతోపాటు బొమ్మలూ పెట్టారు. జామ్‌కు బహుమతి వచ్చింది. బొమ్మలకు రాలేదు.

1938లో హూసిక్ ఫాల్స్ అనే చిన్న ఊరి మందుల దుకాణంలో అద్దం వెనక ఆవిడ బొమ్మలు కొన్ని పెట్టి ఉన్నాయి. ఆ దారిన లూయీ కాల్డర్ అనే ఆయన వెళుతున్నాడు. బొమ్మలు సేకరించడం ఆయన సరదా, వృత్తి మాత్రం ఇంజనీరు. మిత్రులారా, ఈ ఒక్క మాట దగ్గర నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఆయన లోపలికి వెళ్లి, ఉన్న బొమ్మలన్నీ కొని, వేసినావిడ ఇల్లెక్కడ అని అడిగి నేరుగా అక్కడికి వెళ్లాడు. ఒక్కో బొమ్మ మూడు నుంచి ఐదు డాలర్లు.

ఆయన వెళ్లేసరికి ఆవిడ ఇంట్లో లేరు. ఇంకా పది బొమ్మలున్నాయని, మర్నాడు రమ్మని కోడలు చెప్పేసింది. తీరా వెతికితే తొమ్మిదే ఉన్నాయి. కోడలి మాట పోకూడదుగా! మామ్మ ఒక పెద్ద బొమ్మను మధ్యకి కోసి రెండు చేసి, లెక్క సరిపెట్టారు. నా అనుభవంలో ఇంత తేలిగ్గా లెక్క సరిపెట్టిన ఇంజనీరు కూడా లేడు.

కాల్డర్ ఆ బొమ్మలు పట్టుకుని న్యూయార్క్ నగరంలో గ్యాలరీల చుట్టూ తిరిగాడు. కొందరికి నచ్చాయి, కానీ ఆవిడ వయసు 78 అనగానే వెనక్కి తగ్గారు. పెట్టిన ఖర్చు రాబట్టుకునేలోపు ఆవిడ ఉంటారో ఉండరో అని వాళ్ల లెక్క. ఆయన మాత్రం వదల్లేదు. 1939లో మూడు బొమ్మలు మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఒక ప్రదర్శనలో చోటు చేసుకున్నాయి. 1940లో, 80 ఏళ్ల వయసులో, ఒట్టో కల్లిర్ అనే ఆయన గ్యాలరీలో ఆవిడ తొలి సొంత ప్రదర్శన జరిగింది. 1949లో అధ్యక్షుడు ట్రూమన్ చేతులమీదుగా పురస్కారం. 1953లో టైమ్ పత్రిక ముఖచిత్రం. వెనక్కి తగ్గినవాళ్ల లెక్క ఎంత తప్పిందంటే, ఆవిడ 101 ఏళ్లు బతికి 1961లో పోయారు. నూరు దాటాకా వేస్తూనే ఉన్నారు. వేసినవి 1,500 పైమాటే. 2006లో ఒక్క బొమ్మ 12 లక్షల డాలర్లు పలికింది. ఆవిడ చదివిన ఒంటిగది బడిని ఇప్పుడు బెన్నింగ్టన్ మ్యూజియంలో భద్రంగా ఉంచారు.

ఈ కథ చెప్పి ‘ఏ వయసులోనైనా సాధించవచ్చు’ అని ముగించేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు మరోలా అనిపిస్తుంది. కాల్డర్ రాకపోయినా ఆవిడ వేసేవారే. గుర్తింపు రాకపోతే ఆవిడకు పెద్దగా పోయేది లేదు, పోయేది చూడకుండా నడిచిపోయిన వాళ్లకే. ఆ అద్దం ముందునుంచి రోజూ ఎంతమంది నడిచారో! ఆగింది ఒక్కడు.

నేను నడిచిపోయినవాణ్ణి. అదే ఇవాళ చెప్పుకోవాలని వచ్చాను.

మన డ్రాయింగు మాస్టారు ముందు వరసలో కూర్చున్నారు. వారి పీరియడ్‌ను లెక్కలకో సైన్సుకో ఇమ్మని అడగని మాస్టారు ఆ రోజుల్లో లేరు. ఆయన నవ్వుతూ ఇచ్చేసి, స్టాఫ్ రూములో ఓ మూల కూర్చుని పాత క్యాలెండర్ల వెనక మన చెరువునీ, చింతచెట్టునీ, సైకిల్ స్టాండునీ వేసుకునేవారు. ఎవరైనా చూస్తే బాగుందనేవాళ్లు. అంతటితో సరి.

నా పెళ్లికి వచ్చి ఒక పటం కట్టిన బొమ్మ ఇచ్చారు. వర్షంలో మన బడి గేటు, గొడుగు లేక పలక నెత్తిన పెట్టుకున్న ఒక కుర్రాడు. ఆ కుర్రాణ్ణి నేనే. నేను గోడకు గడియారం తగిలించి, బొమ్మను అటక మీద పెట్టాను. మూడు బదిలీల తరవాత వెతికితే లేదు. ఏ ఊళ్లో వదిలేశానో కూడా తెలియదు. మాస్టారికి ఈ సంగతి ఇన్నాళ్లూ చెప్పలేదు. ఎప్పుడు కలిసినా బొమ్మ బాగుందా అని ఆయన అడగలేదు, నేను ఆ మాట ఎత్తలేదు. క్షమించండి మాస్టారూ.

సంఘం వారికి ఒక విన్నపం. ఈ ఏడాది కొత్త ఆర్చి కట్టాలని తీర్మానించారు. దానికి నా వంతు తప్పక ఇస్తాను. దానికి ముందు ఆరో తరగతి గది ఒకటి ఖాళీ చేసి, సున్నం వేయించి, మాస్టారి బొమ్మలు వరసగా తగిలిద్దాం. పటాలు కట్టించే ఖర్చు నాది. పిల్లలు రోజూ ఆ గది ముందునుంచే భోజనానికి వెళతారు. ఎవరో ఒకరు ఆగుతారు.

మాస్టారూ, రేపు పొద్దున్న తొమ్మిదింటికి మీ ఇంటికి వస్తాను. ట్రంకుపెట్టెలో ఎన్ని బొమ్మలున్నాయో అమ్మగారిని లెక్కపెట్టి ఉంచమనండి. చెప్పిన లెక్కకు ఒకటి తక్కువైతే మాత్రం, దయచేసి దేన్నీ రెండుగా కోయకండి.