నొప్పి లేదని ఊరుకోవద్దు



మన రాయచెర్లులో జ్వరమొస్తే వీధంతా చెప్పుకుంటాం. రొమ్ములో గడ్డ తగిలితే మాత్రం ఇంట్లో కూడా నోరు విప్పం. నొప్పి లేదు కదా అని ఊరుకుంటాం. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు. చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి లాగినా, రక్తం కారినా, చంకలో గడ్డ తగిలినా వెంటనే చూపించుకోవాలి. ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు, అది తేల్చేది డాక్టరే.

ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998 నుంచి లక్షన్నర మంది స్త్రీలతో అధ్యయనం చేసింది. శిక్షణ పొందిన కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించిన వారిలో, 50 దాటిన స్త్రీలకు ఈ జబ్బుతో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. పెద్ద యంత్రం లేకుండానే!

30 ఏళ్లు దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్ష ఉచితంగా చేయాలి. అడుగుదాం, అది మన హక్కు. బెంగళూరు కిద్వాయి ఆసుపత్రి దాకా పోవాల్సివస్తే బిపిఎల్ కార్డు మరిచిపోవద్దు.

అన్నలారా, ఇది ఆడవాళ్ల సంగతని తప్పుకోకండి, తోడు వెళ్లండి. కూలి పోతుందని ఆగిపోయే అక్కకు ఆ రోజు కూలీ, బస్సు చార్జీ మన సంఘమే ఇద్దాం. ప్రార్థన చేద్దాం, పరీక్షకూ పంపుదాం.